గ్రాఫీన్ వార్తలో ఉండాల్సిన అంకెలు

సంపాదకులకు,

ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ రేకు గ్రాఫీన్. దానికి ప్లాటినం అద్దితే, హైడ్రోజన్, ఆక్సిజన్‌ల నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్స్‌తో పాటు సోలార్ ప్యానెళ్లూ చవకవుతాయని వార్తలు వస్తున్నాయి. రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. హైదరాబాద్ మేడల మీద కనిపించే సిలికాన్ ప్యానెళ్లకు ప్లాటినంతో పనే లేదు. వాటిలో పడే ఖరీదైన లోహం వెండి. ప్లాటినం వాడేది 1991లో ఓరీగన్, గ్రాట్జెల్ ప్రకటించిన రంగుపూత (డై-సెన్సిటైజ్డ్) సోలార్ సెల్స్‌లో. అక్కడైనా ఎదుటి ఎలక్ట్రోడ్ మీద పలచటి పొరగానే, ట్రైఅయొడైడ్‌ను తిరిగి అయొడైడ్ చేయడానికి. తార్నాకలోని ఐఐసీటీలో (భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో) ఈ రంగుల మీద పరిశోధన జరిగింది.

అసలు చిక్కంతా ఫ్యూయల్ సెల్‌లో ఉంది. అందులో రసాయన చర్యను వేగిరపరిచే 2 నుంచి 5 నానోమీటర్ల ప్లాటినం రేణువులు కార్బన్ మసి మీద కూర్చుంటాయి. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడల్లా కాథోడ్ (ఆక్సిజన్ అందే ఎలక్ట్రోడ్) వోల్టేజి కాసేపు 1.5 వోల్టుల దాకా ఎగబాకుతుంది. ఆ దెబ్బకు మసి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, కాలికింద నేల జారిన రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ముద్ద కడతాయి. గ్రాఫీన్ దీన్ని తట్టుకుంటుందని ఆశ. కానీ గ్రాము గ్రాఫీన్‌కు 2630 చదరపు మీటర్ల ఉపరితలం అన్న లెక్క విడి రేకుది. ఎండబెట్టగానే రేకులు తడి అప్పడాల్లా అతుక్కుంటాయి, ఆక్సిజన్‌కు దారి ఉండదు. మధ్యలో కాస్త మసి కలిపి ఎడం చేయాలి. పైగా నున్నటి గ్రాఫీన్ మీద ప్లాటినం నిలవదు. లోపాలు, ఆక్సిజన్ గుంపులు ఉన్నచోటే పట్టు. తుప్పు మొదలయ్యేదీ అక్కడే!

ల్యాబ్‌లో ఈ సరుకు పనితనం కొలిచే పరీక్షలోనూ తప్పులు దొర్లుతాయి. 20 శాతం ప్లాటినం ఉన్న ఉత్ప్రేరకం (చర్యను వేగిరపరిచే పొడి) 5 మిల్లీగ్రాములను 5 మిల్లీలీటర్ల నీరు, ఐసోప్రొపనాల్, కొద్దిగా నాఫియాన్‌లో (జిగురులా పట్టి ఉంచే పాలిమర్) కలిపి, 10 మైక్రోలీటర్లు 5 మిల్లీమీటర్ల గాజుకార్బన్ బిళ్ల మీద వేస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 10 మైక్రోగ్రాముల ప్లాటినం పడుతుంది. కదపకుండా ఆరనిస్తే కాఫీ మరకలా అంచుకు చేరి నడుమ బోసిపోతుంది. బిళ్లను తిప్పుతూ ఆరబెట్టాలి. గాజుసామాను కుళాయి నీళ్లతో కడిగి వదిలేసినా, క్లోరోప్లాటినిక్ ఆమ్లం తాలూకు క్లోరైడ్ పూర్తిగా పోకపోయినా, వోల్టేజి కొలవడానికి పోలికగా పెట్టే సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ కారినా క్లోరైడ్ ప్లాటినానికి పట్టేసి మంచి సరుకూ చచ్చుగా కనిపిస్తుంది.

అందుకే మీ విలేకరులు మూడు అంకెలు అడగాలి: చదరపు సెంటీమీటరుకు ప్లాటినం ఎంత, 0.9 వోల్టుల వద్ద మిల్లీగ్రాము ప్లాటినానికి ఎన్ని ఆంపియర్లు (అమెరికా ఇంధన శాఖ లక్ష్యం 0.44), వోల్టేజిని 1.0–1.5 మధ్య పైకీ కిందికీ 5,000 సార్లు తిప్పాక మొదటి పనితనంలో మిగిలిందెంత. మూడోదే ముఖ్యం. 0.6–0.95 మధ్య 30,000 సార్లు తిప్పిన ఫలితం ప్లాటినం గురించి చెబుతుంది గానీ గ్రాఫీన్ గట్టిదనం గురించి పెద్దగా చెప్పదు. ప్రకటనలో ఈ అంకెలు లేకపోతే ల్యాబ్‌కు ఫోన్ చేయండి. పరీక్ష చేసి ఉంటే వాళ్ల నోట్‌బుక్‌లో ఉంటాయి.

— కొందరు రసాయనశాస్త్ర పాఠకులు, హైదరాబాద్