మన లినక్స్ సంఘం, కడప: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో బయటికి కనపడేవి తక్కువ. పెద్ద సభలు పెట్టలేదు, బయటి ఊర్ల నుంచి వక్తలను పిలవలేదు. నెలకో ఆదివారం కూర్చున్నాం, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకున్నారు, అందులో దిగిన ముల్లు తీసి పంపించాం. చాలాసార్లు ఆ ముల్లు ఒక్క లైను సెట్టింగే. అది యాడుందో వెతకడానికే పూటంతా పట్టేది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, అప్పటి నుంచి పాత మెషిన్లు పట్టుకుని వచ్చేవాళ్లు పెరిగారు. ఎక్కువమందికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాం. విండోస్ కూడా ఉండనీ అన్నవాళ్లకు రెండూ ఉంచాం. గడియారం గొడవ అక్కడే మొదలైంది.

"అన్నా, విండోస్‌లోకి పోతే టైము వెనక్కి పోతాంది" అని ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయిందనుకుని కొత్తది కొని వేశాం. మళ్లీ అదే కథ. తేడా ఎప్పుడు చూసినా ఐదున్నర గంటలే ఉందని అతనే చెప్పాక గానీ మనకు వెలగలేదు. మెషిన్ లోపలి గడియారంలో ఉన్నది గ్రీనిచ్ టైమని లినక్స్ అనుకుంటుంది, దానికి 5:30 కలిపి మనకు చూపిస్తుంది. విండోసేమో అందులో ఉన్నదే మన టైమనుకుంటుంది. ఒకరు తిప్పిన ముల్లును ఇంకొకరు వచ్చి తిప్పడమే. లినక్స్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1' అని ఒక్క కమాండ్ ఇస్తే సద్దుమణిగింది. ఆ బ్యాటరీ ఖర్చు లెక్కల్లో 'ఇతరములు' కింద ఉంది, దాని గురించి ఎవరూ అడగొద్దని మనవి.

ఇక సభ్యత్వ కార్డుల సంగతి. ఇందులో తప్పు పూర్తిగా నాదే. కార్డు మీద ఊరి పేరు పెట్టె చిన్నది. పది అక్షరాలు దాటితే మిగతాది కోసెయ్యమని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. 'కడప' పెట్టి పరీక్షించాను. మనకు మూడు అక్షరాలు, పైథాన్ కూడా మూడే అంది. సరిపోయిందనుకుని మొత్తం ప్రింటు కొట్టించాను.

కార్డులు పంచిన రోజు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకుని తన కార్డు వంక అట్లాగే చూశాడు. దాని మీద 'ప్రొద్దుటూ' అని ఉంది. "బంగారం అమ్మే ఊరని మాకు కూడా తరుగు తీసినారా అబ్బీ?" అన్నాడు. గదంతా నవ్వింది, నేను తప్ప.

అప్పటికప్పుడు బోర్డు మీద రాసి లెక్కపెట్టాం. మన కంటికి ప్రొ, ద్దు, టూ, రు నాలుగే. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతి యూనికోడ్, దాని లెక్క వేరు: ప, పొల్లు, ర, ఒత్వం కలిస్తే 'ప్రొ'. 'ద్దు'కు ద, పొల్లు, ద, కొమ్ము. 'టూ'కు రెండు, 'రు'కు రెండు. మొత్తం 12. పది దగ్గర కోస్తే 'రు' నిండుగా ఎగిరిపోయింది. జమ్మలమడుగు, పులివెందుల, ఎర్రగుంట్ల సరిగ్గా పదేసి కాబట్టి గట్టెక్కాయి, మైదుకూరు ఎనిమిదే. పాపం దెబ్బ ఒక్క ప్రొద్దుటూరుకే తగిలింది. అక్షరాలవారీగా విడగొట్టే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడు) ఉందని ఒక సభ్యురాలు చెబితే అది కూడా వేసి చూశాం. మన దగ్గరున్నది పాత వెర్షన్, ఒత్తులను విడదీసి ఆరు అంది. ఒత్తును ముందు హల్లుతో కలిపే లెక్కపెట్టాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. చివరికి కోత మాటే తీసేసి, పేరు పొడవైతే ఫాంటు సైజు తగ్గేట్టు రాశాను. ప్రొద్దుటూరు వాళ్లకు కొత్త కార్డులు నా సొంత ఖర్చుతో ఇచ్చాను.

హాజరు పట్టీ రాసే స్క్రిప్టును, అంటే చిన్న ప్రోగ్రామును, ఎవరో విండోస్‌లో తెరిచి సేవ్ చేసినందుకు ఒక ఆదివారం పోయింది. ఫైలు కళ్లముందే ఉంటే 'అలాంటి ఫైలు లేదు' అంటుంది. విండోస్ ప్రతి లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్‌కు ఒకటే కావాలి. ఆ ఎక్కువైన గుర్తు మన కంటికి కనపడదు. దాన్ని తీసేసే 'డాస్2యూనిక్స్' అనే ప్రోగ్రాము నడిపితే పోయింది.

చందాల లెక్క మీద వచ్చిన అనుమానం కూడా తీరింది. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుంది. ఆ తోక వల్లనే రెండు మొత్తాలు సమానం కావని కోశాధికారి స్క్రిప్టు మొండికేసింది. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు అన్నీ పైసల్లో, పూర్ణ సంఖ్యల్లో రాస్తున్నారు. ఆదాయ వ్యయాల పట్టీ విడిగా ఇస్తున్నాం.

కాని పనులు రెండు. ప్రింటర్ల రోజు పెడతామన్నాం, పెట్టలేదు. డీటీపీ షాపుల పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టి వదిలేశాం. ఆ ఫాంట్లు తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచుకున్నాయి, ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక కావాలి. దీనికి ఓపికున్నవాళ్లు పేరు ఇవ్వండి.

ఇంకొకటి. ఏ చిక్కు ఎట్లా తీరిందో రాసుకునే నీలం అట్ట నోటుబుక్కు సంక్రాంతి తర్వాత కనపడలేదు. తెలుగు కీబోర్డు వేసినా కనపడకపోతే లాగౌట్ అయి రావాలన్న ముక్క దాంట్లోనే ఉంది, అది తెలియక మొన్న మళ్లీ గంట పోయింది. ఎవరి ఇంట్లో ఉన్నా దయచేసి వచ్చే ఆదివారం తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి