డేటా అంటే రీచార్జి కాదు, మంత్రిగారూ!

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నాది నెల్లూరు జిల్లా. పురావస్తు, మానవశాస్త్ర పీజీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అతిథి అధ్యాపకుడిని. పరిశోధనలో సేకరించిన ఫొటోలు, కొలతలు, రికార్డింగులు పోకుండా దాచుకోవడం మా పిల్లలకు నేర్పించమని ఇది నా నాలుగో విన్నపం. మొదటి మూడింటికీ రసీదులున్నాయి. రెండోదానికి జవాబు కూడా వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘పరిశోధన డేటా నిర్వహణ నేర్పించండి’ అని నేనిచ్చిన అర్జీని ఎవరో మహానుభావులు డేటా ఎంట్రీ ఉద్యోగాల విభాగానికి పంపారు. అక్కడి నుంచి ఫోను చేసినాయన మా పిల్లలు నిమిషానికి ఎన్ని మాటలు టైపు చేస్తారని ఎంతో మర్యాదగా అడిగారు. నేను చెప్పిందంతా ఓపికగా విన్నారు. మర్నాడు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. మూడో అర్జీ తీసుకున్న అధికారి ఇంకా సూటిగా అడిగారు: ‘మీ కాలేజీలో వైఫై లేదా?’

అందుకే ఈసారి ‘డేటా’ అన్న మాట పక్కన పెట్టి, జరిగింది చెబుతాను.

మా విద్యార్థిని ఒకమ్మాయి గుండ్లకమ్మ ఒడ్డున రాతి పనిముట్లు దొరికే చోట్లు వెతుకుతూ నాలుగు నెలలు ఎండలో తిరిగింది. ఫొటోలు స్నేహితురాలి ఫోనుతో తీయించి, వాట్సాప్‌లో తెప్పించుకుంది. అలా మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన చోటు చెప్పే అక్షాంశ రేఖాంశాలూ చెరిగిపోతాయి. ఈ సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకూ అప్పుడే తెలిసింది. కొలతల పట్టికను డీటీపీ సెంటరులో, ఆ ఫాంట్లు ఉన్న కంప్యూటర్‌లో తప్ప తెలుగు కనిపించని అను ఫాంట్లలో కొట్టించింది. ఇంటికి తెచ్చి తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి చూశాం. ఒత్తులు జారిపోయాయి, ఊళ్ల పేర్లు చెడిపోయాయి, ఒక వరుస అంకెలు పక్క వరుసలోకి దూరాయి. అసలు నోటుపుస్తకం వానకు తడిసి అంతకుముందే పోయింది. సంచుల మీద పెన్నుతో రాసిన నంబర్లు వెలిసిపోయాయి. ఇప్పుడు మా గదిలో బల్ల కింద మూడు గోనెసంచుల రాళ్లున్నాయి. ఎక్కడ దొరికిందో తెలియని రాతిగొడ్డలి ఉత్త రాయే, సార్. ఎత్తుకొచ్చిన చోటే వదిలేసి ఉంటే కనీసం తర్వాత వచ్చేవాడికైనా పనికొచ్చేది.

అంత కష్టపడిన పిల్లను సోమరి అనగలనా? మూడు కాపీలు ఉంచుకో, ఒకటి వేరే ఊళ్లో పెట్టు, ఫైలుకు ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని కాకుండా తేదీతో పేరు పెట్టు అని చెప్పే పాఠం సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఇంకో విద్యార్థి యానాదుల పేటల్లో పెద్దవాళ్లు చెప్పిన మందుమొక్కల సంగతులు రికార్డు చేశాడు. ఒక్కో ఫైలుకు ఒక్కో మనిషి పేరు. అన్నీ ఒకే పెన్‌డ్రైవులో. అది చేతులు మారి మారి ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. నమ్మి నోరు విప్పిన ఆ పెద్దవాళ్లకు మేమేం సమాధానం చెప్పాలి? వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. మా తరగతి గదిలోకి మాత్రం రాలేదు.

పాతవాళ్లు ఎలా దాచారో చూడండి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాల్లో అచ్చు వేశారు. తాలూకా వారీగా, నంబర్లతో సహా. కనిగిరి, దర్శి, పొదిలి 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి వెళ్లాయి. అయినా ఆ పుస్తకం పట్టుకుని వెళితే ఈనాటికీ ఆయా ఊళ్లలో శాసనాలు వెతకవచ్చు. మొన్నటికి మొన్న 2022లో సముద్రతీరంలోని పాత రేవు మోటుపల్లి ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి పోయింది. ‘ప్రకాశం జిల్లా, సముద్రతీరం’ అని మాత్రమే రాసుకున్న మా పిల్లల నోట్సు పట్టుకుని రేపు ఎవరు ఎక్కడని వెతుకుతారు? 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తీసిన చెంచుల ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. నల్లమల పక్కనే ఉన్న మేము తీసినవి అయిదేళ్లు కూడా నిలవడం లేదు.

కేంబ్రిడ్జిలో 2010–11లోనే పురావస్తు, సామాజిక మానవశాస్త్ర పీజీ విద్యార్థుల కోసమే ఇలాంటి పాఠాలు తయారు చేశారు. యార్క్‌లో పురావస్తు డేటాను దాచడానికని 1996 నుంచి ఒక సంస్థే నడుస్తోంది. అంత అడగడం లేదు. యూజీసీ 2019లో పీహెచ్‌డీ వారికి ముప్పై గంటల పరిశోధన నైతికత కోర్సు తప్పనిసరి చేసింది, సంతోషం. అయితే పీజీ పిల్లలు తవ్వకానికి వెళ్లేది అంతకుముందే కదా! తవ్విన గుంట మళ్లీ తవ్వడానికి ఉండదు. మట్టి పొరలు పోయాక మిగిలేది వాళ్లు రాసుకున్న కాగితమే.

రెండేళ్ల కిందట ఒక సమావేశంలో ఒక పెద్దాయన వేదిక మీది నుంచి ‘ఈ పాఠాలు వచ్చే విద్యాసంవత్సరం నుంచే’ అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ విద్యాసంవత్సరం వచ్చింది, పోయింది, దాని తర్వాతదీ సగమైంది. శాలువా మాత్రం మేమే కొన్నాం.

ఒక పేపరు పెట్టించండి. పేపరు కుదరకపోతే పది గంటల పాఠమైనా పెట్టించండి. చెప్పేవాళ్లకు ముందు నేర్పించండి, నాతో సహా. జిల్లాకొక చోట ఈ ఫైళ్లు దాచుకునే సర్వరు ఇప్పించండి. అదీ కుదరకపోతే రెండు హార్డ్‌డిస్కులు, తాళం ఉన్న ఒక బీరువా. బీరువా అర్జీ మాత్రం దయచేసి ఫర్నిచరు విభాగానికి పంపించకండి.

ఈ లేఖను యూనికోడ్‌లోనే టైపు చేశాను. మీ కార్యాలయంలో ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఇట్లు,
మూడు రసీదులున్న ఒక అతిథి అధ్యాపకుడు,
నెల్లూరు