లేవలేని గేదె పక్కన నిర్ణయం ఎవరిది?

సంపాదకుడు గారికి నమస్కారం.

వీధికుక్కల మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఆదేశాలు ఇచ్చినప్పటి నుంచి పత్రికల్లో, టీవీల్లో కుక్కల ప్రాణం గురించి వాదనలు నడుస్తూనే ఉన్నాయి. వాటిలో సూది పట్టుకోవాల్సిన మనిషి ఊసు మాత్రం రాలేదు. నిజానికి బతకని జంతువు బాధను సూదితో ముగించాలా వద్దా అనే చిక్కు గ్రామాల్లో పశువైద్యుడికి కుక్కల దగ్గర కంటే గొడ్ల చావిట్లోనే ఎక్కువ ఎదురవుతుంది. దాన్ని కొంచెం వివరంగా పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

ఈనిన రెండు మూడు రోజుల్లో మంచి పాడి గేదె కూలబడుతుంది. మెడ ఒక పక్కకు తిప్పి డొక్క మీద వాల్చుకుంటుంది. చెవులు చల్లబడతాయి, ముట్టె ఎండిపోతుంది, పేడ వేయదు. దీన్ని పాల జ్వరం అంటారు గానీ జ్వరం ఉండదు, ఒళ్లు చల్లబడుతుంది. ఒంట్లోని కాల్షియం పాలలోకి ఒక్కసారిగా పోవడమే కారణం. 450 మిల్లీలీటర్ల కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాను ఒంటి వేడికి వెచ్చబెట్టి, మెడ దగ్గర సిరలోకి కనీసం పది పదిహేను నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. ఎక్కుతున్నంతసేపూ స్టెతస్కోపు గుండె మీదే ఉండాలి. లయ తప్పితే వెంటనే ఆపాలి. తొందరపడి సీసా ఎత్తి పట్టుకుంటే గుండె అక్కడికక్కడే ఆగిపోవచ్చు. అంతకుముందు ఎవరో వచ్చి ఒకటి రెండు సీసాలు ఎక్కించి వెళ్లి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ సంగతి రైతు తనంతట తాను చెప్పడు, అడిగితే మొహమాటపడతాడు. ఆ తర్వాత పశువు పోతే ‘డాక్టరు వచ్చి సూది వేశాకే పోయింది’ అనే మాట ఊళ్లో మిగిలిపోతుంది.

మందు పనిచేస్తే తెలిసిపోతుంది. తేన్పులు వస్తాయి, పేడ పడుతుంది, ముట్టె మీద చెమట పడుతుంది, కండలు వణుకుతాయి. చాలా పశువులు కొద్ది గంటల్లో లేచి దూడ కోసం చూస్తాయి. అసలు కష్టం లేవని వాటితో. రాత్రంతా సిమెంటు గచ్చు మీద ఒకే పక్కన పడుకున్న గేదెకు, తన 500 కిలోల బరువు కింద నలిగిన వెనక కాలి కండకు రక్తం అందదు. కండ చచ్చుబడుతుంది, నరం మొద్దుబారుతుంది. తెల్లారి కాల్షియం ఎక్కిస్తే రక్తంలో లెక్క సరిపోతుంది, కాలు మాత్రం లేవదు. అందుకే పశువు పడిన మొదటి ఆరేడు గంటలు ఎంతో విలువైనవి. గచ్చు మీద నుంచి మట్టి నేలకు మార్చాలి. పడుకునే చోట అడుగు మందాన ఇసుకో, దట్టంగా వరిగడ్డో వేయాలి. మూడు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా, పక్క మార్చాలి. మేత, నీళ్లు నోటికి అందేటట్టు పెట్టాలి. గోనె పట్టాలూ వెదురు బొంగులూ పెట్టి లేపితే పది నిమిషాలకు మించి వేలాడదీయకూడదు, పొట్ట మీద బరువు పడి ఊపిరి ఆడదు.

ఇదంతా చెప్పడానికి సులువు. అరవై ఏళ్ల మొగుడూ పెళ్లాలు ఇద్దరే ఉన్న ఇంట్లో 500 కిలోల గేదెను రోజుకు ఆరేడు సార్లు ఎవరు తిప్పుతారు? మొదటి రోజు ఇరుగూ పొరుగూ వస్తారు, మూడో రోజుకు ఎవరి పని వాళ్లది.

ఇక్కడ వైద్యుడు చూసే గుర్తులు ఇవి. పశువు బోర్లా కూర్చుని మేత తింటూ, లేవాలని ముందు కాళ్లతో ప్రయత్నిస్తూ ఉంటే వారం పది రోజులైనా ఆశ వదలకూడదు. తల నేలకు వాల్చి పూర్తిగా పక్కకు ఒరిగి, మేత మానేసి, మూత్రం ముదురు కాఫీ రంగుకు తిరిగితే కండ కరిగి మూత్రంలో పోతున్నట్టు. గిట్టల మధ్య సూదితో గుచ్చినా కాలు లాక్కోకపోతే, తోక వేలాడిపోతే వెన్ను దెబ్బతిని ఉండొచ్చు. పేడ దారిలో చెయ్యి పెట్టి చూస్తుండగా ఇంకొకరు కాలు కదిలిస్తే, కటి ఎముకో తొడ ఎముకో విరిగిన చోట గరగరమని చేతికి తెలుస్తుంది. అంత బరువున్న పశువుకు తొడ ఎముక విరిగితే కట్టు కట్టి నిలబెట్టే ఉపాయం పల్లెటూళ్లో లేదు. ఈ గుర్తులు కనిపించాక రోజుకొక కాల్షియం సీసా, రోజుకొక బలం సూది ఎక్కించడం వైద్యం కాదు. రైతు డబ్బూ పశువు బాధా రెండూ పెరుగుతాయి. అయినా ఆ సీసాలు ఎక్కుతూనే ఉంటాయి, ఎందుకంటే ఆపుదామన్న మాట ముందు ఎవరు అనాలో తెలియదు.

పత్రికలు ‘కారుణ్య మరణం’ అని రాస్తాయి. ఊళ్లో ఆ మాట ఎవరి నోటా రాదు. ‘ఏదో ఒకటి చెయ్యండి సార్’, ‘మీరే చూసుకోండి’, ‘మా నోటితో అనిపించకండి’ అంటారు. అది నాటకం కాదు. బొట్టు పెట్టి పూజ చేసిన గొడ్డును, పిల్లల ఫీజు కట్టిన పాలిచ్చిన గొడ్డును చంపమని చెప్పడం పాతకమని వాళ్ల లోపలి భయం. అటు వైద్యుడికేమో యజమాని లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప చెయ్యి కదపకూడదు. ఒకరు అనలేరు, ఒకరు అనిపించుకోకుండా చేయలేరు. మధ్యలో గేదె ఇంకో నాలుగు రోజులు పడి ఉంటుంది. అనుభవమున్న వైద్యులు అందుకే ‘చంపేద్దామా’ అని అడగరు. ‘ఇది ఇక లేవదు. ఇంకా ఎన్నాళ్లు బాధ పడనిద్దాం?’ అని అడిగి, జవాబు కోసం తొందరపెట్టరు. ఇంట్లో ఆడవాళ్లతో కూడా మాట్లాడతారు. పాలు పితికేదీ మేత వేసేదీ వాళ్లే, పశువు కథ వాళ్లకే ముందు తెలుస్తుంది.

ఆవైతే చిక్కు ఇంకా ముదురుతుంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం ఆవు వధను నిషేధించింది, గేదెను వధకు పంపాలన్నా సమర్థాధికారి ధ్రువపత్రం కావాలంది. బాధ తీర్చడానికి చేసే పనీ మాంసానికి చేసే పనీ ఒకటి కాదని వైద్యుడికి తెలుసు. చుట్టూ మూగి ఫోనులో వీడియో తీసే గుంపుకు తెలియాలని లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 13వ సెక్షన్ మరో దారి చూపిస్తుంది. యజమాని కనిపించకపోయినా, ఒప్పుకోకపోయినా కానిస్టేబుల్ కంటే పై హోదా ఉన్న పోలీసు అధికారి ఆ ప్రాంత పశువైద్యాధికారిని పిలిపించాలి, బతికించి ఉంచడమే క్రూరత్వమని ఆ వైద్యాధికారి రాసివ్వాలి, మేజిస్ట్రేటు ఉత్తర్వు రావాలి. రాత్రి హైవే మీద లారీ గుద్ది నడుము విరిగిన ఎద్దు పక్కన ఈ వరుసంతా పూర్తయ్యేసరికి చాలాసార్లు ఎద్దే తన దారి చూసుకుంటుంది.

నిర్ణయం ఆలస్యమైన చోట ఇంకొకరు వచ్చి తీసుకుంటారు. దళారి వస్తాడు, ట్రాలీ ఆటో వస్తుంది. కాళ్లకు తాడు కట్టి, నేల మీద ఈడ్చి, పలక మీదుగా పైకి లాగుతారు. ఎముక విరిగిన గేదెకు ఆ పది నిమిషాలు ఏమిటో చూసినవాళ్లకే తెలుసు. లేవలేని పశువును అలా తరలించడం నేరం. అంతకుముందు వారం రోజులు ఎక్కించిన యాంటీబయాటిక్స్, నొప్పి మందులు ఆ మాంసంలో ఉంటాయి. మందు సీసా మీద వేరే గడువు రాసి లేకపోతే పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలని 2012లో ఔషధ నిబంధనల్లో చేర్చారు. నిర్ణయం తీసుకోకుండా చేతులు కడుక్కోవడం మంచితనమని అనుకుంటే ఆ మాంసం తినేవాళ్ల సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

ఈ 7 రోజుల పాల లెక్క, చావు కంటే చిన్నదైనా, వైద్యుణ్ణి రోజూ కొరికే విషయం. పొదుగువాపుకు సూది వేసి ‘వారం రోజులు పాలు కేంద్రానికి పోయకండి’ అని చెప్పాలి. ఒకే గేదె మీద బతికే ఇంటికి అది వారం కూలి పోయినట్టే. చెప్పకపోతే ఆ పాలు ఎవరి పసిబిడ్డో తాగుతుంది. చెబితే రైతు తల ఊపి, మర్నాడు క్యాను నింపుతాడు. గడువు తక్కువ ఉన్న మందు ఎంచుకోవడం, ఏ తేదీ వరకు ఆపాలో గోడ మీద బొగ్గుతో రాసి రావడం, ఇంతకు మించి వైద్యుడి చేతిలో ఏమీ లేదు.

చంపాలని తేలాక పద్ధతి తప్పకూడదు. మొదట మత్తు మందుతో పశువును కుదుటపరచాలి. తర్వాత పూర్తి స్పృహ తప్పించే మందు ఇవ్వాలి. కనుగుడ్డును వేలితో తాకినా రెప్ప కదలదని చూసుకున్నాకే గుండె ఆపే మందు. స్పృహలో ఉన్న పశువుకు నేరుగా ఆ చివరి మందు ఎక్కిస్తే అది ఘోరమైన నొప్పి. తర్వాత అయిదు నిమిషాల పాటు స్టెతస్కోపుతో గుండె విని నిర్ధారించాలి. కళ్లు మూతపడవని, చివర్లో ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చని, మూత్రం పోవచ్చని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. చెప్పకపోతే ‘ప్రాణం ఉండగానే వదిలేశారు’ అని జీవితాంతం అనుకుంటారు. పట్నంలో పెంపుడు కుక్కల దగ్గరైనా ఇదే వరుస. కాకపోతే అక్కడ ఇల్లు మారుతున్నామనో, పిల్లలు అమెరికా వెళ్లిపోయారనో ఆరోగ్యంగా ఉన్న కుక్కను తెచ్చి ‘సూది వేసేయండి’ అనేవాళ్లుంటారు. దానికి కాదనే హక్కు వైద్యుడికి ఉంది, కాదనాలి కూడా.

వీధికుక్కల విషయంలో 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు, నయం కాని కుక్కకు పెంటోబార్బిటాల్ అనే మత్తు మందు గానీ, ఆమోదం పొందిన మరో బాధలేని పద్ధతి గానీ వాడాలని చెబుతున్నాయి. మరో జంతువు కళ్లెదుట ఆ పని చేయకూడదనీ అంటున్నాయి. చక్కటి నిబంధనే. అయితే పెంటోబార్బిటాల్ నియంత్రణలో ఉన్న మందు. గ్రామీణ పశువైద్యశాల బీరువాలో సాధారణంగా దొరకదు. సరైన మందు చేతిలో లేని వైద్యుడికి రెండే దారులు, తప్పు పద్ధతిలో చేయడం లేదా బాధను చూస్తూ ఊరుకోవడం. ఈ పనిలో మనిషిని లోపల తినేసేది చావు కాదు. ఎలా చేయాలో తెలిసీ అలా చేయలేకపోవడం.

పిచ్చి కుక్క కరిచిన గేదె సంగతి ఒక్కటి విడిగా చెప్పాలి, ఇందులో మనుషుల ప్రాణాలున్నాయి. గొంతు బొంగురుపోయి అరుస్తుంది, నోటి నుంచి చొంగ కారుతుంది, మేత మింగలేదు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని రైతో, అటెండరో నోట్లో చెయ్యి పెడతారు. లక్షణాలు బయటపడ్డాక ఆ పశువు సాధారణంగా పది రోజులు దాటదు, వైద్యం లేదు. మింగలేని గేదెను ఎక్కడ చూసినా ముందు రేబిస్ అనుకోవాలి, చేతి తొడుగు లేకుండా నోరు ముట్టకూడదు. చొంగ గాయానికి తగిలితే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటి గేదె పాలు వారం నుంచి వీధంతా తాగి ఉంటారు. కాచిన పాలతో భయం లేదని ఇంటింటికీ వెళ్లి చెప్పే పని కూడా ఆ వైద్యుడిదే.

రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలను మేము అడిగేది పెద్దదేమీ కాదు. లేవలేని పశువు దగ్గర నింపడానికి తెలుగులో ఒక పేజీ పత్రం కావాలి. పడిన రోజు, చేసిన వైద్యం, కనిపించిన గుర్తులు, యజమాని సంతకం లేదా వేలిముద్ర, పక్క మండలం వైద్యుడి రెండో అభిప్రాయం అందులో ఉండాలి. ఫోనులో వీడియో చూసి చెప్పినా ఆ అభిప్రాయం చెల్లాలి. ‘చంపుటకు అంగీకరిస్తున్నాను’ అని కాకుండా ‘బాధ నుంచి విముక్తి కలిగించమని కోరుతున్నాను’ అని ఆ పత్రంలో రాస్తే రైతు చెయ్యి వణకదు. సరైన మత్తు మందులు కనీసం డివిజన్ స్థాయి ఆసుపత్రిలో లెక్కతో ఉంచి, 1962 నంబరు పశువుల అంబులెన్సులో పంపే ఏర్పాటు చేయాలి. వైద్యులకే కాదు, నోరు పట్టుకునే అటెండర్లకూ, ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలకూ ముందస్తు రేబిస్ టీకా 0, 7, 21 రోజుల్లో వేయించాలి.

చివరగా కళేబరం. ఈ మందులతో పోయిన పశువును ఊరి బయట పారేస్తే తిన్న కుక్కలూ పక్షులూ చావొచ్చు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఎక్కించిన గొడ్ల కళేబరాలు తినే రాబందులు అంతరించే దశకు వచ్చాయి, 2006లో పశువులకు ఆ మందు ఆపాల్సి వచ్చింది. ఆరడుగుల గొయ్యి, పైనా కిందా సున్నం, బావులకూ చెరువులకూ దూరంగా. గేదెకు సరిపడే గొయ్యి పారతో తవ్వడం ఇద్దరు మనుషులకు ఒక రోజు పని, జేసీబీకి అరగంట. ఆ అరగంట అద్దె పంచాయతీ భరించేలా ఉత్తర్వు ఇస్తే చాలు.

ఇట్లు,
గ్రామీణ పశువైద్యశాలల్లో పనిచేస్తున్న కొందరు వైద్యులు,
ప్రకాశం జిల్లా