తెలియక కాదు, ఊపిరి చాలక

అయ్యా,

మా బాబుకు తొమ్మిదేళ్లు, డౌన్ సిండ్రోమ్. మొన్నొక శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఈల కొనిస్తే బుగ్గలు పొంగించి ఎంత ఊదినా ‘ఫు’ అని గాలి తప్ప మోత రాలేదు. వాడికి ఊదడం తెలియదులే అనుకున్నాం. తెలియక కాదట. ఆ ముక్క చెప్పింది ఓ ఫిజియోథెరపిస్టమ్మ, అదీ దగ్గు, నెబ్యులైజర్, యాంటీబయాటిక్ అంటూ మేం ఆరేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగాక.

21వ క్రోమోజోమ్ అదనంగా ఉండే ఈ పిల్లలకు పుట్టుకతోనే కండరాల్లో పట్టు తక్కువ. కాళ్లూ చేతులూ మెత్తగా ఉన్నాయని అందరికీ కనిపిస్తుంది గానీ, ఊపిరి పీల్చే కండరాలూ అంతేనని ఎవరికి తోస్తుంది? లోతుగా పీల్చలేరు, గట్టిగా దగ్గలేరు, కఫం లోపలే ఉండిపోతుంది. మిర్చి సీజన్లో యార్డు వైపు నుంచి గాలి కొడితే మనమే దగ్గలేక చస్తాం, ఇక వీళ్ల సంగతి చెప్పాలా! మనమేమో ఆయాసపడుతున్నాడని ఎత్తుకుంటాం, కూర్చోబెట్టి ఫోన్ చేతికిస్తాం, ఒళ్లొస్తుంది, ఆయాసం ఇంకాస్త పెరుగుతుంది.

ఇప్పుడు సాయంత్రాలు ఎన్టీఆర్ స్టేడియంలో అరగంట నడక, ఇంటికొచ్చాక గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు. మొదట్లో మూడు బుడగలకే స్ట్రా నమిలి పారేసేవాడు. నాలుగు నెలలకు మేడ మెట్లు ఆగకుండా ఎక్కాడు, ఈల కూడా మోగింది, మేం మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు దాన్ని దాచేయాల్సి వస్తోంది. అంకెల్లో ఎంత మెరుగో చెప్పలేను, ఊపిరి ఎంతుందో కొలిచే స్పైరోమీటర్ ముందు కూర్చోబెట్టి ‘చివరిదాకా ఊదు నాన్నా’ అంటే వాడు టెక్నీషియన్ ముఖం చూసి నవ్వుతాడు. దీనిమీద జరిగిన పరిశోధనలూ ఎక్కువగా కొద్దిమంది పిల్లలతో చేసినవే, అద్భుతాలని నేననను.

అలాగని ఎవరికి వారు మొదలుపెట్టేయొద్దు. వీళ్లలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. కొందరికి మెడలోని పై రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, పిల్లిమొగ్గలూ ట్రాంపొలిన్ గెంతులూ ప్రమాదం. డాక్టరుకు చూపించాకే ఏదైనా.

నేనడిగేది పెద్దదేం కాదు. సిరప్ రాసే చీటీ మీదే పిల్లాణ్ణి రోజూ ఎంతసేపు నడిపించాలో కూడా డాక్టర్లు రాయాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల ఫిజియోథెరపీలో కాళ్లూ చేతులతో పాటు ఊపిరి వ్యాయామాలూ చేయించాలి. గుండె, మెడ చూసి డాక్టరు సరేనన్నాక కూడా మావాణ్ణి ఈతకు తీసుకెళ్తే ‘మిగతా పేరెంట్స్ ఒప్పుకోరండీ’ అని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేశారు. వేసవి సెలవులకు మళ్లీ వస్తున్నాం, ఈసారి ఆ మాటేదో కాగితం మీద రాసివ్వమనండి.

— ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు