సంచి వెనక అక్షరాలు పెద్దవి చేయండి

అయ్యా,

మా కుక్క టైగరుకు తొమ్మిదో ఏడు. ఒళ్లంతా గోక్కుంటుంటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఏం పెడుతున్నారమ్మా?" అన్నారు. చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి మేత సంచి తిరగేసి భూతద్దం పెట్టి చదివాను. ముందువైపు నిగనిగలాడే కోడి బొమ్మ. వెనక ఆవగింజంత అక్షరాల్లో మొదట మొక్కజొన్న, మూడోది మొక్కజొన్న గ్లూటెన్ (ఆ గింజలోని మాంసకృత్తుల భాగం), ఐదోది మొక్కజొన్న పిండి. కోడి ఆరోది!

దినుసుల పేర్లు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. ఒకే గింజను మూడు పేర్లుగా విడగొడితే ఒక్కో పేరు బరువు తగ్గి కనిపిస్తుంది. మూడూ కలిపి చూసుకోవాలి. పచ్చి కోడిమాంసం మొదట ఉన్నా మురిసిపోవద్దు, అందులో మూడొంతులకు దగ్గరగా నీళ్లే. మాంసకృత్తుల శాతం చూసేటప్పుడూ తేమ తీసేయాలి. 80 శాతం తేమ ఉన్న డబ్బా మేతలో మాంసకృత్తులు 8 శాతమంటే పొడి లెక్కన 40. తేమ 10 ఉన్న సంచిలో 24 అంటే దాదాపు 27 మాత్రమే.

మా కడపలో ఇప్పుడు వీధికి నాలుగు పెంపుడు కుక్కలు కనిపిస్తున్నాయి. వాటిని సాకేవాళ్లలో ఇంగ్లిషు రానివాళ్లు ఎందరో. ఈ పేర్లు తెలుగులో, కళ్లకు ఆనేంత పెద్దగా అచ్చువేయించాలని అధికారులను వేడుకుంటున్నాను.

— ఒక రిటైర్డు టీచరమ్మ, కడప