టో ట్రక్కు పెద్దాయనకి

అందరికీ నమస్కారం. నిన్న మధ్యాహ్నం, నా తుపాకీ మ్యాగజైన్ కేసులో, కోర్టు నా పీటీఐ (ప్రీ ట్రయల్ ఇంటర్వెన్షన్, అంటే విచారణ దాకా వెళ్ళకుండా బయటపడే దారి) దరఖాస్తు ఒప్పుకుంది. నేరం ఒప్పుకోనక్కర్లేదు, ఏడాది పాటు ఏ గొడవలోనూ ఇరుక్కోకపోతే కేసు కొట్టేస్తారు. జనవరి నుంచి కంటినిండా నిద్ర లేదు, రాత్రి కూడా పట్టలేదు. రాసింది అటూ ఇటూగా ఉంటే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మా ఇల్లు పెన్సిల్వేనియాలో, మోరిస్‌విల్‌లో. డెలావేర్ నది దాటితే ట్రెంటన్, అంటే న్యూజెర్సీ. నా ఆఫీసు అటువైపు. మా వీధిలో మనవాళ్ళింట్లో బంగారం పోయాక భయమేసి, అప్పటికే గ్రీన్‌కార్డు చేతికొచ్చింది కాబట్టి, చెకింగులన్నీ అయ్యాక ఒక పిస్తోలు కొన్నాం. ఆదివారాలు రేంజ్‌కి వెళ్ళి కాల్చడం నేర్చుకునేదాన్ని. ఆ ఆదివారం ఇంటికొచ్చాక పిస్తోలు లాకర్లో పెట్టేశాను. ఖాళీ మ్యాగజైన్ (పిస్తోలుకి గుండ్లు పెట్టే డబ్బా) ఒకటి సంచీలో, సంచీ డిక్కీలో ఉండిపోయాయి. సోమవారం పొద్దున వంతెన దాటగానే టైరు పోయింది. సాయం చేద్దామని ట్రూపర్, అంటే అక్కడి స్టేట్ పోలీసు, ఆగాడు. స్టెప్నీ కోసం డిక్కీ తీశాను.

మ్యాగజైన్ వెనకవైపు సన్న బెజ్జాలుంటాయి, పక్కన ఎన్ని గుండ్లో చెప్పే అంకెలు. అతను వేలితో కిందిదాకా తడుముకుంటూ వెళ్ళి చివరి బెజ్జం దగ్గర ఆగాడు. 17. న్యూజెర్సీలో 10 గుండ్లకి మించి పట్టేది దగ్గరుంటే నేరం. లోపల గుండు లేకపోయినా, పిస్తోలు ఇంట్లోనే ఉన్నా ఇదే లెక్క. పద్దెనిమిది నెలల వరకూ జైలు, 10,000 డాలర్ల వరకూ జరిమానా. అతను మర్యాదగానే మాట్లాడాడు, అదే ఇంకా ఏడుపు తెప్పించింది.

వేలిముద్రలు, ఫోటో, సమన్ల కాగితం అన్నీ అయ్యి బయట పడేసరికి సాయంత్రం ఐదు దాటింది. కారు టో చేసి తీసుకెళ్ళిపోయారు. ఫోను, కోటు అందులోనే. స్టేషన్ ఫోన్‌లో మా ఆయనకి చేస్తే ఆయన షికాగో నుంచి వచ్చే విమానంలో ఉన్నారు. డేకేర్ ఆరింటికి మూసేస్తారు. స్వెట్టర్ మీద మెట్ల దగ్గర నిలబడి వణుకుతున్నాను, చలికో దేనికో తెలీదు.

అప్పుడు పొద్దున నా కారు ఎక్కించుకెళ్ళిన లారీయే వచ్చి ఆగింది. అరవై దాటిన నల్లజాతి పెద్దాయన. ఒక చేతిలో నా కోటు, ఫోను, లంచ్ బాక్సు. ఇంకో చేతిలో మా పాప కారు సీటు. "వెనక సీట్లో ఇది కనపడింది. ఎక్కడో ఒక పిల్ల నీకోసం చూస్తూ ఉంటుందనుకున్నాను" అన్నాడు. అంతసేపూ బిగబట్టినదాన్ని ఆ మాటతో భోరుమన్నాను. ఆయన కంగారు పడలేదు, ఓదార్చలేదు కూడా. ముందు మా ఆయనకి లారీ నంబరు మెసేజ్ పెట్టమన్నాడు, ఆ తర్వాతే ఎక్కమన్నాడు.

డేకేర్ ముందు, లారీ వెనక వరుసలో కారు సీటు పెట్టి, తన మోకాలు దానిమీద ఆనించి బరువంతా వేసి బెల్టు లాగాడు. అటూ ఇటూ ఊపి చూశాడు. మళ్ళీ లాగాడు. మా ఆయన కూడా ఏనాడూ అంత గట్టిగా కట్టలేదు. ఇంటి దగ్గర దింపి, డబ్బులిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "మీ పెన్సిల్వేనియా నంబరు ప్లేట్లవాళ్ళని ఇలా చాలామందిని చూశానమ్మా" అని మాత్రం అన్నాడు. ఆయనకి తెలుగు రాదు, ఇది చదవడు. అయినా రాస్తున్నాను.

ఇక కోపం. పదా పదిహేడా అని నేను వాదించను, పిల్లలున్నదాన్ని. కానీ పెన్సిల్వేనియాలో అసలు పరిమితే లేదు. దక్షిణాన డెలావేర్ రాష్ట్రంలో 17 దాకా ఫరవాలేదు. న్యూజెర్సీలో 1990 నుంచి 15 ఉండేది, 2018లో 10 చేశారు. మా ఇంటి నుంచి తూర్పుకో దక్షిణానికో గంట వెళ్తే చాలు, లెక్క మారిపోతుంది. కొన్న షాపువాడు ఒక్క ముక్క చెప్పలేదు. వంతెన మీద 'ట్రెంటన్ మేక్స్, ద వరల్డ్ టేక్స్' అని నిలువెత్తు అక్షరాలున్నాయి, ఈ సంగతి మాత్రం ఎక్కడా రాసిలేదు. నాన్న ఫోన్‌లో విని, "మన గరికపాడు చెక్‌పోస్టులో తెలంగాణ సీసా దొరికినట్టా?" అన్నారు. దాదాపు అంతే నాన్నా, కాకపోతే అక్కడ చెక్‌పోస్టన్నా ఉంది.

మా లాయర్ గారు షనీన్ అలెన్ సంగతి చెప్పారు. ఫిలడెల్ఫియాలో ఇద్దరు పిల్లల తల్లి. 2013లో న్యూజెర్సీలో కారు ఆపితే, తన దగ్గర పిస్తోలుందని తనే చెప్పింది. పెన్సిల్వేనియా తుపాకీ పర్మిట్ న్యూజెర్సీలో చెల్లలేదు, జైలు తప్పదన్న పరిస్థితి వచ్చింది. చివరికి 2015లో అప్పటి న్యూజెర్సీ గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టారు. నాకు దానికి తోడు గ్రీన్‌కార్డు భయం. ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం నుంచే పంపించేయొచ్చట. పాప ఇక్కడే పుట్టింది. ఆ రాత్రులు ఎలా గడిచాయో రాయలేను.

లాయర్ గారికి, ఆయన్ని చూపించిన మన తెలుగు సంఘం అన్నయ్యకి చాలా థ్యాంక్స్. మా ఆయన, అత్తయ్య, అమ్మానాన్న ఉన్నారు, వాళ్ళ గురించి చెప్పేదేముంది.

అయ్యో, ఆరూ పది దాకా లైట్లు ఆర్పకుండా, లేట్ ఫీజు అడక్కుండా పాపతో కూర్చున్న డేకేర్ టీచర్‌ని మర్చిపోయాను. వాయిదాల రోజుల్లో నా మీటింగులు చూసుకున్న ఆఫీసు స్నేహితురాలు. పక్కింటి పంజాబీ ఆంటీ, రెండు వారాలు రోటీలు.

ఇంకో మాట: కారు సీటు ఆ పెద్దాయన లారీలోనే ఉండిపోతే, మర్నాడు పొద్దున గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు. బెల్టు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి.