వాళ్ళ ఐదో అంతస్తు, మన మూడో అంతస్తు

కాకినాడ,
ఆదివారం సాయంత్రం

చిన్నా,

ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పని ఒత్తిడి ఉంటుందని తెలుసు. అందుకే రాసి, ఫోటో తీసి పంపమని స్వాతికి ఇస్తున్నాను, తీరిగ్గా చదువుకుంటావని.

పోయిన వారం స్వాతి టీవీలో ఒక ఇంగ్లీషు కామెడీ పెట్టింది, '5 ఫ్లైట్స్ అప్' అని. 2014లో తీసిందట. మోర్గాన్ ఫ్రీమన్, డయాన్ కీటన్ భార్యాభర్తలు. కీటన్ 2025 అక్టోబరులో పోయారు కదా, ఆవిడ సినిమా ఒకటి చూద్దామంది స్వాతి. కథలో వాళ్ళది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఐదో అంతస్తులో నలభై ఏళ్ళుగా ఉన్న ఇల్లు, లిఫ్టు లేదు. ఆయన బొమ్మలు వేస్తాడు, ఆవిడ రిటైరైన టీచరు. ఇక మెట్లెక్కలేమేమోనని ఇల్లు బేరానికి పెడతారు. నువ్వు మమ్మల్ని నడిపించిన బ్రూక్లిన్ బ్రిడ్జి కాదు, ఇందులో ఉన్నది విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి. ఆ రోజు గాలికి నాన్నగారికి చెవులు మూసే టోపీ కొన్నావు, ఇప్పటికీ దాచుకున్నారు. నీకు అలాంటిది ఉందా? చలికాలంలో తల తడిగా ఉండగా బయటికి వెళ్ళకు.

సినిమా గురించే రాద్దామని కూర్చున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళ మాటలు. పెద్ద పెద్ద డైలాగులేమీ లేవు. ఒకరి మాట ఒకరు అందుకుంటారు, చిన్నదానికి గొడవపడతారు, వెంటనే మర్చిపోతారు. ముసలివాళ్ళని వెర్రివాళ్ళుగా చూపించి నవ్వించలేదు. వాళ్ళ కుక్క డొరోతీకి ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న దగ్గర, అంత డబ్బా అని ఆయన ఆలోచిస్తుంటే నాన్నగారు టీవీ ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. మన టామీ గుర్తొచ్చి ఉంటుంది.

ఇక లోపాలంటావా, ఇల్లు అమ్మిపెట్టే మేనకోడలిది మొదటి నుంచి చివరిదాకా ఒకటే హడావుడి. ఆ పిల్ల మనసులో ఏముందో మనకి చూపించరు. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా అంతే, ఒక్కొక్కరికీ ఒక్కో పిచ్చి తగిలించి వదిలేశారు. వయసులో ఉన్నప్పటి కథ మధ్యమధ్యలో వస్తుంది. ఆయన నల్లజాతి, ఆవిడ తెల్లజాతి. 1967లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా 16 రాష్ట్రాల్లో అలాంటి పెళ్ళి నిషేధమేనని నాన్నగారు చెప్పారు. అంత పెద్ద విషయాన్ని పైపైన తాకి వదిలేశారు. నాకు అదే ఎక్కువ చూడాలనిపించింది.

ఇంకొకటి. బ్రిడ్జి మీద ఒక ట్యాంకర్ లారీ ఆగిపోతుంది. డ్రైవరు కుర్రాడు పారిపోతాడు. ఏమీ తేలకముందే టీవీ వాళ్ళు ఉగ్రవాది అనేస్తారు. ఆ గొడవకి ఇంటి ధర తగ్గుతుందేమోనని వీళ్ళకి టెన్షన్. ఆ ముక్క కామెడీలో సరిగా అతకలేదు కానీ, నాకు బాగా పట్టుకుంది. నేనూ ఏమీ తేలకుండానే ఒకటి అనేసుకున్నాను చిన్నా.

భీమవరం పెళ్ళిలో భోజనాల దగ్గర మీ సూర్యకాంతం అత్తయ్య, "మీ ఫ్లాటు ఎంత పలుకుతుందో కనుక్కోమని చిన్నా మా బాబ్జీకి చెప్పాడటగా వదినా" అంది. పదిమంది ఉన్నారు. నాకు తెలియదనలేక అవునన్నాను. తర్వాత అన్నం దిగలేదు. నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

నువ్వు మా మోకాళ్ళ గురించి ఆలోచించే అడిగి ఉంటావు. అయినా ముందు మమ్మల్ని అడగాలి. పెద్దవాళ్ళతో ఏ విషయమైనా నేరుగా మాట్లాడాలి, మూడో మనిషిని పెట్టకూడదు. డబ్బు సంగతైతే మరీను. రేపు నీ పిల్లలు నీకు... సరే, లెక్చరు ఇవ్వకూడదనుకున్నాను.

1996 నవంబరు 6 నీకు గుర్తుండదు, ఐదేళ్ళవాడివి. గృహప్రవేశం ఆ శ్రావణంలోనే అయింది, గోడలకి సున్నం వాసన కూడా పోలేదు. ఆ రాత్రి తుఫాను గాలికి బాల్కనీ తలుపు గడియ ఊడిపోయింది. నీకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. కరెంటు లేదు. కింద వాటాలోకి నీళ్ళొస్తున్నాయని సుబ్బారావుగారి కుటుంబమంతా పిల్లల్ని చంకనేసుకుని మనింటికి వచ్చేశారు. నాన్నగారూ ఆయనా ఇనప బీరువాని ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టి, తెల్లారేదాకా దానికి వీపు ఆనించి కూర్చున్నారు. సుబ్బారావుగారి అత్తగారు నిన్ను ఒళ్ళో వేసుకుని తడిగుడ్డ మారుస్తూనే ఉన్నారు. నేను కిరసనాయిలు స్టవ్ మీద గంజి కాచాను. పొద్దున్న తలుపు తీస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. నీకు జ్వరం తగ్గి, ఇడ్లీ కావాలని ఏడ్చావు. మర్నాటికి గానీ పప్పు దొరకలేదు. బీరువా ఈడ్చిన గీత ఇప్పటికీ హాల్లో గచ్చు మీద ఉంది. కొనడానికి వచ్చినవాడు ఆ గీత చూపించి ధర తగ్గించమంటాడు. ఆ మాట నేను వినలేను.

సినిమాలో చివరికి వాళ్ళు ఇల్లు అమ్మరు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కానీ రాత్రి పడుకున్నాక అనిపించింది, మరి ఆ ఐదంతస్తులూ? రేపు ఆయనకి ఆయాసం పెరిగితే? దానికి సినిమాలో జవాబు లేదు. అదే పెద్ద లోపం. మా దగ్గరా జవాబు లేదు. మొన్న నాన్నగారు కూరల సంచితో రెండో అంతస్తు దగ్గర చాలాసేపు కూర్చుండిపోయారు. నీకు చెప్పొద్దన్నారు. బయట వైపు లిఫ్టు పెట్టించాలని అసోసియేషన్లో అనుకుంటున్నారు, కింద వాటాల వాళ్ళు మాత్రం డబ్బు ఇచ్చేది లేదంటున్నారు.

ఇవన్నీ నీతో కూర్చుని మాట్లాడాలి. అమ్మడమైనా, ఉండడమైనా, మన ముగ్గురి మధ్యే అనుకుందాం. బాబ్జీకి ఏం చెప్పావో అది కూడా ఉన్నదున్నట్టు చెప్పు, కోప్పడను.

కందిపొడి, గోంగూర పచ్చడి కట్టి ఉంచాను, స్వాతి వాళ్ళ ఆడపడుచు వచ్చే నెల అక్కడికి వెళ్తోంది. పచ్చడి ఫ్రిజ్‌లో పెట్టు, తడి చెంచా వెయ్యకు. రాత్రిళ్ళు అన్నం మానేసి బ్రెడ్డు తింటున్నావని విన్నాను, అది నిజమా?

ఆదివారం పొద్దున్న ఏడింటికి చెయ్యి, నీకు శనివారం రాత్రి. నాన్నగారు ఆ టైముకి పాలకి వెళ్తారు. వారం రోజులు నేనే దిగి తెస్తానని చెప్పి ఆయన్ని ఇంట్లో కూర్చోబెడతాను.

అమ్మ